పాత ప్రతికి అద్దె

నంద్యాలలో డిగ్రీ పిల్లలకు క్లౌడ్ పాఠం చెబుతుంటే ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకబ్బాయి లేచాడు. వాళ్లింట్లో రాతి విగ్రహాలు చెక్కుతారు. డిజైన్ బొమ్మలు, కొటేషన్లు క్లౌడ్‌లో పెట్టుకుంటారు. "సార్, ఫైలు ఒక్కటే, పేరు కూడా మార్చలేదు. మరి బిల్లు నెలనెలా ఎందుకు పెరుగుతోంది?" అన్నాడు.

వర్షనింగ్ ఆన్ చేసి ఉంటారు, పాత ప్రతులన్నీ లోపల అలాగే ఉన్నాయన్నాను. జవాబు అంతే. కానీ పాత ప్రతుల్ని దాచే విద్యలో నాకు భలే ఇష్టమైన పోటీ ఒకటుంది. పీరియడ్‌లో మిగిలిన సమయమంతా దానికే పోయింది.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రాం రాశాడు. డిస్కును బంగారంలా చూసుకునే రోజులవి. ప్రోగ్రాం మార్చినప్పుడల్లా మొత్తం దాచడం అయ్యేపని కాదు, మారిన ముక్కలే దాచాలి. ఈ ఉపాయం మనవాళ్లకు కొత్తేం కాదు. పక్కనే కడపలో సి.పి.బ్రౌన్ పండితుల్ని పెట్టుకుని తాళపత్ర ప్రతులు పోల్పించాడు. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికితే పదీ అచ్చువేయరు కదా, ఒక పాఠం పైన వేసి, తేడాలను పాఠాంతరాలుగా అడుగున ఇస్తారు. రోచ్‌కైండ్ మాత్రం అడుగున ఇవ్వలేదు. అన్ని ప్రతుల వరుసల్నీ ఒకే ఫైల్లో కలిపి పేనేశాడు. ఈ వరుస ఫలానా ప్రతిలో వచ్చింది, ఫలానా ప్రతిలో పోయింది అని గుర్తులు పెట్టాడు. ఏ ప్రతి కావాలన్నా ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదివి, దానికి చెందిన వరుసలే ఏరుకోవాలి.

మొదటి ప్రతికైనా, నిన్నటి ప్రతికైనా ఒకే శ్రమ. చక్కటి సమానత్వమే! చిక్కల్లా, చరిత్ర పెరిగేకొద్దీ అందరికీ సమానంగా ఆలస్యమవుతుంది.

1980ల మొదట్లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ దీన్ని తిరగేశాడు. మనిషి ఎక్కువగా అడిగేది ఏ ప్రతిని? ఆఖరిదాన్నే. అయితే దాన్నే పూర్తిగా ఉంచి, వెనక్కి వెళ్లే దారి మాత్రం రాసిపెడితే సరి. ఆర్‌సీఎస్ పుట్టింది అలాగే. ఆ ఆళ్లగడ్డ అబ్బాయి వాళ్ల కొటేషన్‌నే బోర్డు మీద వేశాను. మొదటి వరుస నంది విగ్రహం, రెండోది ఎత్తు 3 అడుగులు, మూడోది నల్లరాయి. గిరాకీ వచ్చి 4 అడుగులు కావాలన్నాడు. ఆర్‌సీఎస్ ఫైల్లో 4 అడుగుల కొటేషన్ పూర్తిగా ఉంటుంది. దాని కింద పాత ప్రతి పేరున రెండే ఆజ్ఞలు: "2వ వరుస దగ్గర 1 వరుస తీసెయ్. అక్కడే 1 వరుస చేర్చు: ఎత్తు 3 అడుగులు." పాతది కావాలంటే కొత్తదాన్ని తీసుకుని ఈ రెండు పనులూ చేస్తే చాలు. వంద ప్రతుల కిందటిదైతే అలా వంద మెట్లు దిగాలి, మధ్యలో ఒక మెట్టు చెడితే దాని కిందివన్నీ పోయినట్టే. ఎస్‌సీసీఎస్ అభిమానులు ఎత్తిచూపేది దీన్నే. అయినా నా ఓటు టిచీకే. వంద ప్రతుల వెనక్కి వెళ్లేవాళ్లు ఎందరు?

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. ఆ తర్వాత వచ్చిన సీవీఎస్ అనే ప్రోగ్రాం ఆర్‌సీఎస్ ఫైళ్ల మీదే నడిచింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాస్తూ ప్రతిసారీ ఫైలును పూర్తిగానే దాచాడు. తీరిగ్గా మూటకట్టేటప్పుడు మాత్రం అదీ తేడాలకే దిగుతుంది.

ఇక క్లౌడ్ గోదాము అమెజాన్ ఎస్3. 2006లో వచ్చింది, 2010లో దానికి వర్షనింగ్ చేరింది. ఇక్కడ టిచీ గెలవలేదు, రోచ్‌కైండూ గెలవలేదు. మార్చి ఎక్కించిన ప్రతిసారీ మొత్తం ఫైలే దాస్తుంది. లోపల ఏముందో గోదాముకు అక్కర్లేదు, ఏ ప్రతి అడిగినా వెంటనే తీసివ్వాలి. పైగా జేపెగ్, జిప్ లాంటి కుదించిన ఫైళ్లలో చిన్న మార్పు చేసినా దాని తర్వాతి బైట్లన్నీ మారిపోవచ్చు, అప్పుడు తేడా దాచినా మిగిలేది తక్కువ. 200 మెగాబైట్ల డిజైన్ ఫైలును రోజుకోసారి సరిచేసి ఎక్కిస్తే ఏడాదికి 73 గిగాబైట్లు. మామూలు నిల్వ తరగతిలో గిగాబైటుకు నెలకు సుమారు 2 రూపాయలనుకున్నా, ఏడాది చివరికి ఆ ఒక్క ఫైలుకే నెలకు 146 రూపాయలు. అలాంటివి యాభై ఉంటే?

పైగా డిలీట్ కొట్టినా బిల్లు తగ్గదు. వర్షనింగ్ ఉన్నచోట డిలీట్ అంటే పైన ఒక గుర్తు పెట్టడమే, కింద ప్రతులన్నీ భద్రం, వాటి అద్దె కూడా భద్రం. ప్రతుల్ని ఒక్కొక్కటిగా ఏరి తీసే పని లేకుండా తగ్గించేది లైఫ్‌సైకిల్ రూల్: పాతబడిన ప్రతి 30 రోజులు దాటితే తీసెయ్, అయినా చివరి మూడు మాత్రం ఉంచు అని రాసిపెట్టవచ్చు. ఆ 30 రోజులు ఫైలు పుట్టిన నాటి నుంచి కాదు, కొత్త ప్రతి వచ్చి అది పాతబడిన నాటి నుంచి లెక్క. చవక కదా అని పాత ప్రతుల్ని ఎస్3లోని గ్లేసియర్ అనే నిల్వ తరగతికి తోసేవాళ్లున్నారు. అక్కడ 90 రోజులకు, డీప్ ఆర్కైవ్‌లో 180 రోజులకు ముందే తీసేసినా మిగిలిన రోజుల డబ్బు కట్టాల్సిందే. నెలలో చెరిపేసే ప్రతుల్ని అక్కడికి పంపడం దండగ.

గూగుల్ డ్రైవ్ వాడేవాళ్లకు ఈ గోల తక్కువ. ఎక్కించిన ఫైళ్ల పాత ప్రతుల్ని 30 రోజులకో, వంద దాటాకో అదే తీసేస్తుంది. ఎప్పటికీ ఉంచమని మనం గుర్తుపెట్టినవి మాత్రం మన కోటాలో పడతాయి.

2022 నవంబరు నుంచి అమెజాన్ డేటా సెంటర్లు హైదరాబాదులోనూ ఉన్నాయి. గోదాము దగ్గరికొచ్చింది కానీ లెక్క అదే. ఎస్3లో వర్షనింగ్ ఒకసారి పెట్టాక ఆ బకెట్‌కు (ఫైళ్లు ఉంచే అరకు) దాన్ని పూర్తిగా తీసెయ్యడం కుదరదు, నిలిపి ఉంచడమే. కాబట్టి పెట్టిన రోజే గడువు రూల్ కూడా రాసేయండి.