వెతికితే దొరికే దుకాణం

కుండ బోర్లించి కింద మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, వేడెక్కిన కుండ మీద ఒక్క లాగు లాగితే చాలు, రేకు వచ్చేస్తుంది. ఇలా చేసే ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి చిన్న దుకాణం ఒకటి వెబ్‌సైట్ పెట్టిందనుకుందాం. తొలి పేజీ నిండా పెద్ద ఫొటో, దాని మీద బంగారు రంగులో దుకాణం పేరు. కింద ధరల పట్టిక. అదీ ఫొటోయే, కరపత్రం కోసం డీటీపీ సెంటర్లో చేయించినదాన్ని అలాగే ఎక్కించేశారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. గూగుల్‌లో వెతికితే మాత్రం దొరకడం కష్టం.

మనం ఒక మాట కొట్టగానే గూగుల్ అప్పటికప్పుడు ప్రపంచంలోని సైట్లన్నీ గాలించదు. దాని ప్రోగ్రాములు లింకు వెంట లింకు పట్టుకుని ముందే పేజీలు తిరిగి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుంటాయి. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే ఇదీ. మనం వెతికేది ఆ సూచికలో. దొరికిన పేజీల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ తర్వాతి లెక్క. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి ఆ లెక్కకే పునాది వేసింది. కానీ ఆ దుకాణం పేరు, ధరల్లా మాటలు బొమ్మలోనే ఉండిపోయి సూచికలోకి ఎక్కకపోతే, పేజీకి వరస ఎక్కడిది? ఫొటోలోని అక్షరాలను కంప్యూటర్లు కొంతవరకు గుర్తుపడుతున్న మాట నిజమే. అయినా ముఖ్యమైన మాటలను బొమ్మలో ఇరికించవద్దని గూగులే చెబుతోంది.

తెలుగు సైట్లకు ఇంకో చిక్కుంది. ఇది మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కంప్యూటర్లన్నీ వాడే యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ తనదైన సంఖ్య ఉంది. ‘పూ’ అంటే పకారానికి ఒకటి, దీర్ఘానికి ఒకటి, రెండు సంఖ్యలు. ఏ కంప్యూటర్ అయినా వాటిని తెలుగుగానే చదువుతుంది. అచ్చు కోసం పుట్టిన పాత ఫాంట్లు అలా కావు. వాటిలో లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల సంకేతాలనే. ఫాంటు వాటిపై తెలుగు రూపం తొడుగుతుంది. మనిషి కంటికి పూతరేకులు, యంత్రానికి అర్థంలేని గుర్తుల వరస. అలా రాసిన పేజీ ఎన్నేళ్లున్నా తెలుగులో వెతికేవారికి చిక్కదు. పైగా హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నవారు పూతరేకులను ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కొడతారు, అదీ తలో స్పెల్లింగుతో. అందుకని పేజీ శీర్షికలో, వివరాల్లో రెండు లిపులూ ఉండాలి.

ఇక వేగం. ఫోను కెమెరా తీసిన ఫొటో 5 మెగాబైట్లు ఉందనుకుందాం, అంటే 40 మెగాబిట్లు. సెకనుకు 4 మెగాబిట్లు వచ్చే సిగ్నల్ మీద అది దిగడానికి 10 సెకన్లు పడుతుంది. జవాబు కోసం మనిషి ధ్యాస నిలిచే హద్దు దాదాపు అంతేనని కంప్యూటర్ వాడకాన్ని పరిశీలించిన జేకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనబడితేనే బాగున్నట్టని గూగుల్ కొలమానం. అదే ఫొటోను వెడల్పు తగ్గించి వెబ్‌పీ అనే ఫైలు రూపంలో 150 కిలోబైట్లకు కుదిస్తే సెకనులో మూడో వంతులోపే దిగుతుంది. ఫోను తెర మీద తేడా కంటికి పెద్దగా తెలియదు. చిన్న వ్యాపారికి ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభమిచ్చే పని మరొకటి లేదని నా నమ్మకం.

ఊళ్లోకి వచ్చి కొనేవారి కోసం గూగుల్ మ్యాప్స్‌లో దుకాణాన్ని నమోదు చేసుకోవాలి. అది ఉచితం. అక్కడ వరస నిర్ణయించేవి మూడు: వెతికినదానితో పొంతన, దూరం, దుకాణానికున్న పేరుప్రఖ్యాతులు. డబ్బిస్తే మామూలు ఫలితాల్లో మొదటి స్థానం ఖాయమని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు.

మీ సైటును ఫోనులో తెరిచి ధరల పట్టికలోని ఒక తెలుగు మాట మీద కాసేపు వేలు నొక్కి పట్టండి. అక్షరాలు ఎంపిక కాకుంటే అది బొమ్మ అయ్యుండే అవకాశం ఎక్కువ. ఎంపికైతే కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు తెలుగుగానే వచ్చిందా, సరే. పిచ్చి గీతలొస్తే అది పాత ఫాంటు. యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి; మార్చాక ఒత్తులు, అంకెలు ఓసారి సరిచూసుకోండి, ముఖ్యంగా ధరలు.