కరేలియన్: మాండలికమా, భాషా?

ఫిన్లాండ్ జాతీయ ఇతిహాసం ‘కలేవల’. ఎలియస్ లోన్‌రోత్ అనే వైద్యుడు జానపదుల నోట విన్న పాటలను సేకరించి, వరుస కూర్చి, 1835లో దాన్ని తొలిసారి అచ్చు వేయించాడు. 1849లో బాగా పెంచి మళ్లీ వెలువరించాడు. ఆ పాటల్లో పెద్ద భాగం దొరికింది ఫిన్లాండ్‌లో కాదు, తూర్పు హద్దుకు ఆవల, రష్యా వైపున్న వియెనా కరేలియా పల్లెల్లో. 1834లో లత్వాయార్వి అనే పల్లెలో అర్హిప్పా పెర్తునెన్ అనే వృద్ధ రైతు ఒక్కడే లోన్‌రోత్‌కు 4 వేలకు పైగా పాదాలు పాడి వినిపించాడు. ఆ రైతు మాట్లాడింది కరేలియన్. పాటలు ఫిన్లాండ్‌కు జాతీయ గర్వమయ్యాయి. వాటిని పాడినవాళ్ల భాషకు మాత్రం ‘ఫిన్నిష్‌లో ఒక మాండలికం’ అన్న ముద్ర చాలాకాలం పోలేదు. ఆ ముద్ర ఎందుకు పడింది, ఎందుకు సరికాదు అన్నది కొంచెం నిదానంగా చూడాల్సిన సంగతి.

ముందు బంధువర్గం. యూరప్ భాషల్లో ఎక్కువ భాగం ఇండో-యూరోపియన్ కుటుంబానివి. పొరుగునే ఉన్న రష్యన్, స్వీడిష్ కూడా అంతే. ఫిన్నిష్, ఎస్తోనియన్, కరేలియన్ మాత్రం యూరాలిక్ అనే వేరే కుటుంబంలో ఫిన్నిక్ శాఖకు చెందినవి. వెప్స్, ఇజోరా, వోట్, లివోనియన్ కూడా ఈ శాఖవే. హంగేరియన్ వీటికి దూరపు చుట్టం. వీటిలో ఇజోరా, వోట్ ఇప్పుడు చాలా కొద్దిమంది వృద్ధుల నోళ్లలోనే ఉన్నాయి. లివోనియన్‌ను తల్లిభాషగా నేర్చిన చివరి వ్యక్తి 2013లో కన్నుమూశారు.

ఈ భాషల నిర్మాణం మనకు కొత్తగా అనిపించదు. మాట చివర ప్రత్యయం అతికి అర్థాన్ని నడిపిస్తుంది. మనం ‘ఊళ్లో’ అన్నట్టే ఫిన్నిష్‌వాళ్లు ‘క్యులస్స’ అంటారు. వియెనా కరేలియన్‌లో అది ‘క్యులష్ష’, లివ్వి కరేలియన్‌లో ‘క్యులస్’. మాటలో ఉన్న అచ్చును బట్టి ప్రత్యయంలో అచ్చు మారడమూ ఉంది, మన దగ్గర ‘హరికి’, ‘గురువుకు’ అన్నప్పుడు జరిగినట్టు. ఇలాంటి పోలికలు చూసే రాబర్ట్ కాల్డ్వెల్ 1856 నాటి తన ద్రావిడ వ్యాకరణంలో మన భాషలకూ ఫిన్నిష్ వర్గానికీ చుట్టరికం ఉండవచ్చని ఊహించాడు. ఆ ఊహను నేటి భాషాశాస్త్రజ్ఞుల్లో అత్యధికులు ఒప్పుకోరు. పోలిక నిర్మాణానిదే, రక్తసంబంధం రుజువు కాలేదు.

ఇక అసలు విషయం. కరేలియన్లు మొదట లాదోగా సరస్సుకు వాయవ్యాన ఉండేవారు. అక్కణ్నుంచి ఉత్తరానికి, తూర్పుకి విస్తరించారు. తూర్పుకి వెళ్లినవాళ్లు లాదోగా, ఒనేగా సరస్సుల మధ్య అప్పటికే ఉన్న వెప్స్ జనంతో కలిశారు. నేటి భేదాలకు మూలం చాలావరకు ఇదే. ఉత్తరాన వియెనా, దాని దిగువన దక్షిణ కరేలియన్. ఈ రెండూ కలిసి అసలు కరేలియన్. లాదోగా తూర్పు ఒడ్డున, ఓలోనెత్స్ చుట్టుపక్కల లివ్వి. ఒనేగా సరస్సు పడమటి అంచున లూది. ఈ చివరిదాన్ని కొందరు కరేలియన్‌లో కలుపుతారు, కొందరు వేరే భాష అంటారు. ఎందుకంటే వెప్స్ ఛాయలు అన్నిటికన్నా అందులోనే ఎక్కువ.

రెండు మాటలు పక్కపక్కన పెడితే తేడా చెవికి తెలుస్తుంది. అడవిని ఫిన్నిష్‌లో ‘మెత్స’ అంటారు, వియెనాలో ‘మెచ్చ’, లివ్విలో ‘మెచ్చ్యు’, వెప్స్‌లోనూ ఎస్తోనియన్‌లోనూ ‘మెత్స్’. రొట్టె ఫిన్నిష్‌లో ‘లెయ్‌ప’, లివ్విలో ‘లెయ్‌బ్యు’, వెప్స్, ఎస్తోనియన్‌లలో ‘లెయ్‌బ్’. ఫిన్నిష్‌లో లేని చ, ష, జ ధ్వనులు కరేలియన్‌లో నిండుగా ఉన్నాయి. శతాబ్దాల రష్యన్ సావాసంతో మాటలూ వచ్చి చేరాయి. కృతజ్ఞత చెప్పడానికి ఫిన్నిష్‌వాళ్లు ‘కీతోస్’ అంటే, లివ్వివాళ్లు రష్యన్ ‘స్పసీబ’ నుంచి వచ్చిన ‘పస్సిబో’ అంటారు.

వియెనా వాళ్ల మాట ఫిన్లాండ్ వాళ్లకు చాలావరకు అర్థమవుతుంది. లివ్వి అంత తేలిగ్గా అర్థం కాదు. అంటే ఫిన్నిష్‌కు లివ్వి కన్నా వియెనా మాటే దగ్గర. చిక్కంతా ఇక్కడే ఉంది. దీనికి తోడు ఫిన్లాండ్ ఆగ్నేయాన మాట్లాడే ఫిన్నిష్ యాసలను కూడా ‘కరేలియన్ మాండలికాలు’ అనే పిలుస్తారు. ఒకే పేరు, రెండు వేర్వేరు సంగతులు. రెంటినీ కలిపేస్తే కరేలియన్ అంతా ఫిన్నిష్ యాసే అనిపిస్తుంది.

ఈ రెంటి మధ్య గీత గీసింది రాజ్యాలు. 1323 ఒప్పందంతో స్వీడన్, నోవ్‌గొరోద్ రాజ్యాలు కరేలియాను పంచుకున్నాయి. పడమటి వాళ్లు కేథలిక్కులై, తర్వాత లూథరన్లై, ఫిన్నిష్‌లో కలిసిపోయారు. తూర్పు వాళ్లు ఆర్థడాక్స్ క్రైస్తవులుగా మిగిలారు. 1617లో స్వీడన్ మరికొంత కరేలియాను గెలుచుకున్నప్పుడు ఆర్థడాక్స్ కుటుంబాలు వేల సంఖ్యలో రష్యా లోపలికి, మాస్కోకు వాయవ్యాన ఉన్న త్వేర్ ప్రాంతానికి వలసపోయాయి. చుట్టూ రష్యన్ ఉన్నా వాళ్లు తమ భాషను మూడు శతాబ్దాలకు పైగా నిలుపుకున్నారు. 1920లలో త్వేర్ కరేలియన్లు దాదాపు 1,40,000 మంది. 2010 నాటికి 7,400 లోపే.

రాత చరిత్ర ఇంకా విచిత్రం. ఫిన్నిక్ భాషల్లో ఇప్పటివరకు దొరికిన అతి పాత రాత నోవ్‌గొరోద్‌లో 1957లో తవ్వకాల్లో బయటపడింది. అది 292వ సంఖ్య గల భూర్జపత్రం, 13వ శతాబ్దం మొదటి భాగానిది. సిరిలిక్ లిపిలో గీసిన నాలుగు చిన్న పంక్తులు, పిడుగు నుంచి కాపాడే మంత్రం లాంటివి. భాష కరేలియన్‌కు పూర్వరూపం. అంత పాత రాత ఉన్నా స్థిరమైన రాతభాష మాత్రం ఏర్పడలేదు. సోవియట్ కరేలియాలో 1920లలో ఫిన్నిష్‌నే రాతభాషగా పెట్టారు. 1937లో ఫిన్నిష్‌ను నిషేధించి, మాండలికాలను కలగలిపి, రష్యన్ మాటలు దట్టించి, సిరిలిక్‌లో ఒక కొత్త కరేలియన్‌ను తెచ్చారు. జనం నోట లేని ఆ భాష మూడేళ్లయినా నిలవలేదు. 1940లో మళ్లీ ఫిన్నిష్ వచ్చింది. బడిలో కరేలియన్ లేదు, చిన్న పల్లెలు ఖాళీ అయ్యాయి, పిల్లలు రష్యన్‌లోకి మారిపోయారు.

సరిహద్దు అవతలా ఇలాంటి కథే. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిన్లాండ్ వదులుకున్న ప్రాంతం నుంచి 4 లక్షలకు పైగా జనం తరలివచ్చారు. వారిలో ఎక్కువమందిది ఫిన్నిషే. తూర్పు అంచు పల్లెల నుంచి వచ్చిన కరేలియన్ భాషీయులు మాత్రం ఫిన్లాండ్ అంతటా చెదిరిపోయారు. రష్యన్ వాళ్లలా మాట్లాడుతున్నారన్న వెక్కిరింపుకు జడిసి ఇంట్లో కూడా భాష మార్చుకున్నారు.

రష్యాలో 2010 జనగణనలో కరేలియన్ వచ్చని చెప్పినవారు సుమారు 25,600 మంది; 2021కి ఆ సంఖ్య 14 వేల దగ్గరకు పడిపోయింది. తమ పేరనే ఉన్న రిపబ్లిక్‌లో కరేలియన్ అధికార భాష కాదు. రష్యా చట్టం ప్రకారం రిపబ్లిక్‌ల అధికార భాషలు సిరిలిక్‌లోనే ఉండాలి. నేటి కరేలియన్ రాసేది లాటిన్ లిపిలో. అయినా 1989 తర్వాత వాచకాలు వచ్చాయి. 1990 నుంచి ‘ఒమా మువా’ పత్రిక వెలువడుతోంది. ఫిన్లాండ్ 2009లో కరేలియన్‌ను ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒడంబడిక పరిధిలోకి తెచ్చింది. అంటే ‘యాస’ ముద్ర అధికారికంగా పోయింది. 2015 నుంచి అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఈ భాషలో వార్తలు ఇస్తోంది.

ఇప్పుడు వియెనా, లివ్వి, త్వేర్ రాతలు వేర్వేరుగా సాగుతున్నాయి. ఇంత తక్కువ మందికి ఇన్ని రాతలేమిటని, ఒక్కటి చేస్తే పుస్తకాలకు పాఠకులు పెరుగుతారని వాదించేవాళ్లున్నారు. ఖర్చు లెక్కన అది నిజమే. కానీ ఒక్క రాతను పైనుంచి రుద్దితే ఏమవుతుందో 1937 తర్వాత తేలిపోయింది. ఎవరి ఊరి మాట వాళ్ల పిల్లల వాచకంలో ఉంటేనే అవ్వా మనవరాలూ ఆ పుస్తకాన్ని కలిసి చదవగలరు. భాష ఇంటి నుంచే జారిపోతున్న చోట ముందు నిలబెట్టుకోవలసింది ఆ చదువునే.