ఐపీ పెట్టాడంటే ఏంటి? ఆస్పత్రిలో ఒక అర్థం.. కోర్టులో మరో అర్థం!

'ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట'.. ఊళ్లో ఈ మాట వినిపిస్తే చాలు, అప్పిచ్చిన వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. అదే ఐపీ అన్న మాట ఆస్పత్రిలో వినిపిస్తే బెడ్ ఇచ్చారని అర్థం. మొబైల్ షాపులో అయితే ఫోన్ తడిస్తే తట్టుకుంటుందా లేదా అన్న లెక్క. ఇంతకీ ఏ ఐపీ ఎక్కడ?

ఆస్పత్రిలో ఐపీ అంటే ఇన్ పేషెంట్. డాక్టర్‌కి చూపించుకుని ఇంటికెళ్లిపోతే ఓపీ, అడ్మిట్ అయితే ఐపీ. హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ఈ తేడా కీలకం. అయితే ఈఎస్ఐ డిస్పెన్సరీలో 'ఐపీ నంబర్ చెప్పండి' అంటే అది వేరు. అక్కడ ఐపీ అంటే ఇన్సూర్డ్ పర్సన్, అంటే బీమా ఉన్న ఉద్యోగి.

ఇక ఫోన్ బాక్సు మీద ఐపీ68 అని ఉంటుంది కదా.. అది ఇన్‌గ్రెస్ ప్రొటెక్షన్. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఈ టెస్టు మంచినీళ్లలో చేస్తారు. కాబట్టి వైజాగ్ బీచ్‌లో ఉప్పునీళ్లలో ముంచి ప్రయోగాలు చేయకండి. లోపలికి నీళ్లు పోతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. సైబర్ క్రైమ్ పోలీసులు వెతికే ఐపీ అడ్రస్‌లో మాత్రం ఐపీ అంటే ఇంటర్నెట్ ప్రోటోకాల్.

అసలు భయపెట్టేది కోర్టు ఐపీ. ఇన్సాల్వెన్సీ పిటిషన్, మామూలు మాటల్లో దివాలా పిటిషన్. మన దగ్గర మామూలు వ్యక్తులు వేసే ఈ పిటిషన్లకు ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఎంత పాతదంటే, 500 రూపాయల అప్పు తీర్చలేకపోయినా పిటిషన్ వేయొచ్చని అందులో ఇప్పటికీ ఉంది! 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, వ్యక్తుల విషయంలో అది ప్రధానంగా కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. అన్నట్టు, ఆ కోడ్‌లోనూ ఒక ఐపీ ఉన్నాడు. ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్!

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఐపీ నోటీసు రాగానే 'ఇక మన డబ్బు పోయినట్టే' అని దాన్ని మూలన పడేస్తారు. కానీ పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు. ఆ వ్యక్తి నిజంగా తీర్చలేని స్థితిలో ఉన్నాడా అన్నది కోర్టు చూడాలి. అప్పిచ్చినవాళ్లు లాయర్‌ని పెట్టుకుని అభ్యంతరం చెప్పొచ్చు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే అతని ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళ్తుంది. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బులో వాటా కావాలంటే, మీ అప్పును రుజువు చేసుకోవాలి. ప్రామిసరీ నోటు, బ్యాంక్ స్టేట్‌మెంట్, చిట్టీ పుస్తకం.. ఏది ఉంటే అది బయటకు తీయండి.

మరి ముందే ఇల్లు భార్య పేరునో, బావమరిది పేరునో రాసేస్తే? దానికీ చట్టంలో దారి ఉంది. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో డబ్బు తీసుకోకుండా ఊరికే రాసిచ్చిన ఆస్తుల బదిలీని కోర్టు రద్దు చేయొచ్చు. మోసం చేసి తెచ్చిన అప్పు అయితే, కోర్టు అతన్ని దివాలా నుంచి విముక్తి చేసినా ఆ బాకీ పోదు. ఆస్తి దాచినట్టు తేలితే ఏడాది వరకు జైలు శిక్ష కూడా పడొచ్చు.

అందుకే నోటీసు వస్తే ముందు చూడాల్సింది వాయిదా తేదీ, కోర్టు పేరు, జాబితాలో మీకు చూపించిన బాకీ ఎంత అన్నది.