రెబెక్కా మేలిముసుగు

త్రిపురారమునుండి హైదరాబాదునకు వెళ్ళిన మనలను సాలార్‌జంగు మ్యూజియములో ‘మేలిముసుగు రెబెక్కా’ నిలువరించును. ముఖమును, దానిపై పలుచని ముసుగును, రెండును ఒకే పాలరాయి! 1876లో మొదటి సాలార్‌జంగు రోములో కొన్న ఈ ప్రతిమను మలచినవాడు బెంజోని. అతడు 19వ శతాబ్దివాడే యైనను, ఆ నేర్పు అంతకు పూర్వపుది.

17వ శతాబ్దిని ఇటలీలో మతాధిపతుల ప్రాపున వర్ధిల్లిన బరోకు కళ చూపరి హృదయమును కదలింపగోరినది. బెర్నీని చేతిలో రాయి వస్త్రమై రెపరెపలాడెను. 18వ శతాబ్దిని ఫ్రాన్సులో వెలసిన రొకోకో ఆ గాంభీర్యమును విడిచి గవ్వల వంపులను, లేతవన్నెలను వరించెను. 1753లో నేపుల్సునందు సాన్‌మార్టీనో క్రీస్తు దేహముపై రాతి వలిపమునే కప్పెను. రెబెక్కా ముసుగు ఆ సంప్రదాయములోనిదే.

మన పిల్లలమఱ్ఱిలో కాకతీయ శిల్పులు నల్లరాతిని అద్దమువలె నునుపు చేసిరి. రాతిని రాతిగా విడువరాదను ఆ పంతము మనకు క్రొత్తదా?