డోసు కొలిచే వజ్రం

క్యాన్సర్ కణితి మీద రేడియేషన్ పడుతున్నప్పుడు రోగికి ఏమీ తెలియదు. వేడి తగలదు, నొప్పి పుట్టదు. కిలో కణజాలానికి ఒక జౌలు శక్తి అందితే దాన్ని ఒక గ్రే అంటారు. చాలా చికిత్సల్లో రోజుకు 2 గ్రేలు ఇస్తారు. ఆ డోసుకు ఒంటి వేడి డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. కాబట్టి కొలత భారమంతా పరికరానిదే. అది తప్పు చెబితే ఆ తప్పు రోజూ, ప్రతి రోగి మీదా పడుతుంది.

ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో 2006-07లో ఇదే జరిగింది. మెదడులోని చిన్న గడ్డలకు సన్నని కిరణాలతో చికిత్స చేసే యంత్రం అది. దాన్ని సరిచూసేటప్పుడు కిరణానికి తగనంత పెద్ద డిటెక్టర్ వాడారు. కిరణం డిటెక్టర్‌లో కొంతమేరకే తాకింది, పరికరమేమో మొత్తానికి సగటు తీసి తక్కువ అంకె చూపింది. ఆ అంకెను నమ్మి లెక్కలు కట్టారు. 145 మందికి మోతాదు మించి పడింది. డిటెక్టర్ చెడిపోలేదు, కొలవాల్సిన కిరణం కంటే పెద్దది, అంతే.

మరి చిన్నది వాడొచ్చుగా? ఆసుపత్రుల్లో మామూలుగా వాడే డిటెక్టర్‌లో ఉండేది గాలి. గాలి పలచన. ఆ గాలి ఉండే గదిని మరీ కుదిస్తే సంకేతం అందదు. సిలికాన్‌తో చిన్నవి చేయొచ్చు, కానీ దాని పరమాణు సంఖ్య 14. మన కండరం సగటున ఏడున్నర దగ్గర ఉంటుంది. అందుకే తక్కువ శక్తి ఎక్స్‌రేలను సిలికాన్ ఎక్కువ చేసి చూపిస్తుంది. వజ్రమంటే కార్బన్, సంఖ్య 6. మన ఒంటికి బాగా దగ్గర. పైగా చిక్కని పదార్థం: అంతే పరిమాణం గల గాలితో పోలిస్తే ఏడు వేల రెట్లకు పైగా విద్యుదావేశం ఇస్తుంది.

గనిలో దొరికిన వజ్రాలతోనూ డిటెక్టర్లు చేశారు. ఏ రెండూ ఒకలా పనిచేయవు. లోపలి మలినాలు ఎలక్ట్రాన్లను దారిలోనే పట్టేస్తాయి. అందుకే వాడే ముందు కొంత రేడియేషన్ పట్టించి, అలా పట్టేసే చోట్లను నింపాల్సి వచ్చేది. బయటి నుంచి వంద వోల్టుల వోల్టేజీ కూడా ఇవ్వాల్సి వచ్చేది.

ప్రయోగశాల వజ్రం ఈ చిక్కు విప్పింది. హైడ్రోజన్‌లో కొద్దిగా మీథేన్ కలిపి, మైక్రోవేవ్‌లతో ప్లాస్మాగా మారిస్తే, చిన్న వజ్రపు పలక మీద కార్బన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. మొదటి పొరలో బోరాన్ కలుపుతారు. బోరాన్‌కు కార్బన్ కంటే ఒక ఎలక్ట్రాన్ తక్కువ. ఆ లోటు వల్ల విద్యుత్తును అడ్డుకునే వజ్రం విద్యుత్తును మోసే తీగలా మారుతుంది. (పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే హోప్ వజ్రానికి ఆ నీలం రంగు ఇచ్చిందీ బోరానే.) దాని మీద ఒక మైక్రాన్ మందాన శుద్ధమైన వజ్రం, ఆపైన పలచని లోహపు పూత. లోహమూ వజ్రమూ కలిసే చోట విద్యుత్ క్షేత్రం తనంతట తానే ఏర్పడుతుంది. రేడియేషన్ విడిపించిన ఎలక్ట్రాన్లను అదే లాగేస్తుంది. బయటి నుంచి వోల్టేజీ అక్కర్లేదు.

రోమ్‌లోని టోర్ వెర్గాటా విశ్వవిద్యాలయం పరిశోధనతో జర్మన్ కంపెనీ పీటీడబ్ల్యూ తెచ్చిన మైక్రోడైమండ్ ఇలాంటిదే. అందులో నిజంగా కొలిచే భాగం ఘన మిల్లీమీటరులో 0.004 వంతు. ఒక గ్రే పడితే దాదాపు ఒక నానోకూలుంబు వస్తుంది. ఇంత చిన్న తునక అంత స్పష్టంగా చెప్పగలగడమే నా దృష్టిలో అసలు విశేషం.

అలాగని దీని మాటే ఆఖరు కాదు. దీన్నీ గాలి డిటెక్టర్‌తో సరిపోల్చుకోవాలి. మరీ సన్నని కిరణాల్లో వజ్రం చిక్కదనమే అంకెను కొంచెం పెంచుతుంది. ఏ డిటెక్టర్‌కు ఎంత సవరణ అవసరమో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2017లో పట్టికలతో సహా నియమావళి ఇచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా చిన్న కణితికి రేడియేషన్ రాశారా? సన్నని కిరణాలను దేనితో కొలిచారో, మరో డిటెక్టర్‌తో సరిచూశారో లేదో ఆసుపత్రిలోని మెడికల్ ఫిజిసిస్టును అడగండి. అడిగే హక్కు మీకుంది.