టీకా సూది, భుజం నొప్పి, నష్టపరిహారం

టీకా వేయించుకున్నాక చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టడం మామూలే. కానీ అరుదుగా కొందరికి ఆ నొప్పి నెలల తరబడి తగ్గదు. తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుంది? పరిహారం ఎవరివ్వాలి? అమెరికా దీనికి చెప్పిన జవాబును ఈ పాఠంలో తెలుసుకుందాం. పై చదువులకు అక్కడికి వెళ్లేవారికి ఇది మరింత అవసరం.

ముందుగా శరీర నిర్మాణం చూద్దాం. భుజాన్ని కప్పి ఉండే కండరం పేరు డెల్టాయిడ్. ఫ్లూ, ధనుర్వాతం వంటి టీకాల మందు చేరవలసింది ఈ కండరంలోకే. దాని పైభాగం అడుగున బర్సా అనే పలుచని సంచి ఉంటుంది. ఎముక, కండరాలు ఒరుసుకోకుండా చూడడం దాని పని. భుజం కొన ఎముకకు రెండు మూడు వేళ్ల వెడల్పు కిందుగా సూది గుచ్చాలి. మరీ పైన గుచ్చితే మందు బర్సాలోకి చేరి వాపు పుట్టవచ్చు. అంటే ముఖ్యమైన లోపం సూది గుచ్చిన చోటులో ఉంది. ఈ గాయాన్నే 'సిర్వా' అంటారు.

ఇక చట్టం సంగతి. 1980లలో కోరింత దగ్గు టీకాపై దావాలు పెరగడంతో కొన్ని తయారీ సంస్థలు ఆ రంగం నుంచి తప్పుకున్నాయి. టీకాలకు కొరత వస్తుందన్న భయంతో అమెరికా కాంగ్రెసు 1986లో చట్టం చేసింది. 1988లో పరిహార పథకం మొదలైంది. ప్రతి డోసుపై, అది నివారించే ఒక్కో వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను నిధిలో చేరుతుంది. పరిహారం అందులోంచే ఇస్తారు. ఎవరిది తప్పో రుజువు చేయనక్కర్లేదు.

2017లో సిర్వా ఈ పథకం పట్టికలో చేరింది. షరతులు ఇవి: ఆ భుజానికి ముందునుంచీ అలాంటి బాధ ఉండకూడదు. టీకా వేసిన 48 గంటలలోపు నొప్పి మొదలవ్వాలి. నొప్పి, కదలిక లోపం ఆ భుజానికే పరిమితం కావాలి. వేరే కారణం కనిపించకూడదు. సాధారణంగా బాధ ఆరు నెలలకు మించి ఉండాలి. మొదటి లక్షణం కనిపించిన మూడేళ్లలోపు ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో అర్జీ వేయాలి. బాధకు ఇచ్చే పరిహారం 2,50,000 డాలర్లకు మించదు. వైద్య ఖర్చు, కోల్పోయిన సంపాదన దీనికి అదనం.

ఇద్దరికి ఒకే గాయం అయిందనుకోండి. ఒకరు వారంలోనే డాక్టరుకు చూపించి, నొప్పి మొదలైన రోజును రాయించుకున్నారు. మరొకరు అదే తగ్గుతుందని ఐదు నెలలు ఊరుకున్నారు. 48 గంటల షరతు దగ్గర రెండవవారికి చిక్కు వస్తుంది. కాబట్టి టీకా తేదీ, వేసిన చెయ్యి, నొప్పి మొదలైన రోజు వెంటనే నమోదు చేయించాలి.

టీకా లోకమంతటికీ మేలు చేస్తుంది. అరుదుగా నష్టపోయినవారి భారాన్ని కూడా లోకమే పంచుకోవాలి. ఈ పథకం వెనకున్న న్యాయం అదే.