ఇన్‌స్టాలరు విడిచిపోవు ఫైళ్లు

మన జిగణి గ్రానైటు కొట్లనుండి రాతిపలకలు దూరప్రాంతములకు పోవునపుడు వానిని చెక్కచట్రములలో బిగించి పంపుదురు. పలకను నేలపై పరచిన పిదప చట్రముతో పనిలేదు. తీసివేయువారు లేనియెడల అది వాకిట పడియుండి దారికడ్డమగును. కంప్యూటరులో ఇన్‌స్టాలరు చేయు పనియు నించుమించు నిట్టిదే.

గడచిన సంవత్సరము ఈ సంచికకు వ్యాసములను కూర్చుచుండగా, డిస్కులో చోటు లేదని మా కంప్యూటరు మొరాయించినది. తెలుగు అచ్చుకొరకు పోతన, వేమన మొదలగు ఫాంట్లను, కీబోర్డు సాఫ్టువేరులను తెచ్చి నెలకొల్పుచు వచ్చితిమి గాని, వాని వెనుక మిగిలినదేమో మేమెన్నడును చూచియుండలేదు.

ఇన్‌స్టాలరు సాధారణముగా బిగించి కట్టిన మూట వంటిది. దానిని నడిపినంతనే మూటలోని ఫైళ్లు ముందుగా ‘టెంప్’ అను తాత్కాలిక ఫోల్డరులో విప్పబడును. పిదప ప్రోగ్రాములు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లోనికిని, ఫాంట్లు ‘ఫాంట్స్’ ఫోల్డరులోనికిని చేరును. తుదకు టెంప్‌లోని సరుకును ఇన్‌స్టాలరే తుడిచివేయవలెను. నడుమ కరెంటు పోయినచో ఆ తుడుపు జరుగదు. మరియొక చిక్కు గలదు. నడుచుచున్న ప్రోగ్రాము ఫైలును చెరిపివేయుటకు విండోస్ ఒప్పుకొనదు. కనుక తన్ను తాను చెరుపుకొనలేని ఇన్‌స్టాలరు కొన్ని వేళల, కంప్యూటరు మరల ప్రారంభమైనపుడు ఆ ఫైళ్లను తీసివేయుమని విండోస్‌కు అప్పగించి తప్పుకొనును. మూత వేసి నిద్రపుచ్చుటయే గాని ‘రీస్టార్టు’ చేయని ఇండ్లలో ఆ అప్పగింత నెలల తరబడి నెరవేరదు. అట్టి యిండ్లే ఎక్కువయని మా అనుమానము!

కావున మొదట రీస్టార్టు చేయుడు. పిదప విండోస్ మీటను, ‘ఆర్’ మీటను కలిపి నొక్కి, రెండు శాతపు గుర్తుల నడుమ టెంప్ అని ఆంగ్లాక్షరములలో వ్రాసినచో ఆ ఫోల్డరు తెరుచుకొనును. వాడుకలోనున్న ఫైళ్లను చెరుపుటకు వీలులేదని విండోస్ చెప్పును, వానిని విడిచిపెట్టుడు. విండోస్ 10, 11లలో సెట్టింగ్సులోని ‘స్టోరేజి’ నుండియు నీ పని చేయవచ్చును. అయితే అచ్చటి జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడ నుండును. దానికి గుర్తు పెట్టితిరా, మీరు దించుకొన్న పాఠములు, దరఖాస్తులు అన్నియు పోవును.

‘విండోస్’ ఫోల్డరులోపల ‘ఇన్‌స్టాలర్’ అను మరియొక ఫోల్డరు దాగియున్నది. పేరు చూచియు, పరిమాణము చూచియు ఇదియు చెత్తయే యని కొందరు చెరిపివేయుదురు. అది చెత్త కాదు. నెలకొల్పిన సాఫ్టువేరును బాగుచేయుటకును, నవీకరించుటకును, తొలగించుటకును విండోస్ దానినే వెదకును. దానిని ముట్టరాదు.

ఉబుంటు వాడువారికి వేరు దారి: దించుకొనిన ప్యాకేజీలు టెంప్‌లో గాక వేరొక చోట నిలువయుండును; ‘సుడో ఆప్ట్ క్లీన్’ అను ఆజ్ఞ వానిని తీసివేయును.

మా కంప్యూటరు సంగతికి వత్తము. టెంప్ తెరచి, అన్నిటిని ఎంచుకొని, చెరుపు మీటపై వ్రేలుంచితిమి. అంకెలే పేర్లుగా గల ఫైళ్ల నడుమ ‘అవ్వ పొడుపుకథలు’ అను తెలుగు పేరొకటి కంటబడినది. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన అవ్వ చెప్పగా టైపు చేసి, ‘సేవ్’ నొక్కినపుడు తెరపై ఏ ఫోల్డరు కనబడెనో అందే దాచినది. అంతకు కొంచెము ముందు ఫాంట్ల మూట విప్పియుండుటచే ఆ కనబడినది టెంప్. ఆనేకల్లు పక్క పల్లెల తెలుగులో, నడుమ నడుమ కన్నడపు మాటలతో, ఆ అవ్వ చెప్పిన పొడుపుకథలు వేరెచ్చటను వ్రాయబడియుండలేదు. ఆమె చెప్పిన రోజున ఇంటివారును పూర్తిగా వినలేదట.

ఆ ఫైలును ‘డాక్యుమెంట్స్’లోనికి మార్చి, మరియొక ప్రతిని పెన్‌డ్రైవులో నుంచి, అప్పుడు తక్కినవానిని చెరిపితిమి. ఆ పొడుపుకథలు ఈ సంచిక కడపటి పుటలలో నున్నవి.